ఓడల ఆటలో ఒక వ్యాకరణ పాఠం

ఆట నియమాలను గూర్చి ఎవరైనా పట్టుబట్టి వాదిస్తే, "ఆటే కదా, ఏదో ఒకటి అనుకొని సాగించండి" అని నవ్వేవారు మనలో చాలామంది ఉన్నారు. నిన్న మొన్నటిదాకా నేనూ ఆ పక్షంవాడినే. గత దసరా సెలవులలో మా ఇంటి అరుగుమీద జరిగిన ఒక చిన్న తగవు నా అభిప్రాయాన్ని మార్చివేసింది. తెలుగు చెప్పే ఉపాధ్యాయులకూ, నేర్చే విద్యార్థులకూ అందులో పనికివచ్చే విషయం ఉన్నదని తోచి ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

మా జి.మాడుగుల కొండలమీది ఊరు. ఓడను కంటితో చూడాలంటే ఘాటురోడ్డు దిగి విశాఖపట్నం పోవలసిందే. అయినా ఎత్తుకు పైయెత్తు వేసే ఆట మా పిల్లలకు కొత్త కాదు. బండమీద బొగ్గుతో గీత గీసి, 3 పులులనూ 15 మేకలనూ నిలిపి పులిజూదం ఆడినవారే వారందరూ. విశాఖలో ఉద్యోగం చేస్తున్న నా పాత విద్యార్థి ఒకడు సెలవులకు వస్తూ 'డిప్లొమసీ' అనే ఆటను తెచ్చాడు. అమెరికా దేశస్థుడు ఆలన్ క్యాలమర్ 1954లో రూపొందించి, 1959లో సొంత ఖర్చుతో 500 ప్రతులు వేయించిన ఆట అది. మొదటి ప్రపంచయుద్ధానికి పూర్వపు ఐరోపా పటమే దాని బల్ల. ఏడుగురు ఏడు రాజ్యాలను నడుపుతారు. పాచికలు లేవు. ప్రతివాడూ తన ఆజ్ఞలను రహస్యంగా చీటీపై వ్రాస్తాడు. అందరి చీటీలనూ ఒక్కసారే విప్పుతారు.

బలగం రెండు విధాలు: దండు, ఓడ. దండు సముద్రం దాటాలంటే, సముద్రపు గడిలో నిలిచిన ఓడ దానిని దాటించాలి. దాటించే ఓడ ఆ విడత తాను కదలరాదు. ఒక్క దండును మాత్రమే దాటించవచ్చును. శత్రువు ఆ ఓడను గడినుండి వెళ్ళగొడితే దండు బయలుదేరిన చోటనే నిలిచిపోతుంది. ఇక మరొక నియమం: దాడిచేసేవానికి పక్కగడిలోనివాడు ఆసరా ఇవ్వవచ్చును, ఆ ఆసరా ఇచ్చేవానిమీద వేరొకడు పడితే ఆసరా తెగిపోతుంది.

తగవు ఇక్కడనే పుట్టింది. ఫ్రాన్సు దండు బ్రెస్టునుండి బయలుదేరి, ఇంగ్లీషు ఛానలులోని తన ఓడ సాయంతో లండనుపై దిగాలి. వేల్సులోని ఇంగ్లండు ఓడ ఆ ఛానలు ఓడపై పడింది. దానికి ఆసరా ఇచ్చేది లండనులోని ఓడ. ఫ్రాన్సు పక్షాన ఉన్న పెద్ద తరగతి విద్యార్థి, "మా దండు లండనుపై పడింది కనుక లండను ఆసరా తెగింది, ఆసరా తెగింది కనుక మా ఓడ నిలిచింది" అని బిగ్గరగా వాదించాడు. ఇంగ్లండును నడుపుతున్న మొదటి సంవత్సరం కుర్రవాడు మెల్లగా, "మాస్టారూ, ఓడ నిలిస్తే కదా దండు లండను చేరేది? చేరకముందే మా ఆసరాను ఎట్లా తెంపుతుంది?" అన్నాడు.

నియమావళిని తెలుగులో సంగ్రహించి పిల్లలకు ఇచ్చినవాడను నేనే. అందులో, "దాడికి గురైనవాని ఆసరా తెగును" అని ఉన్నది. అది చూపి పెద్దవాని పక్షాన తీర్పు చెప్పాను. కుర్రవాడు మారు మాటాడలేదు. రాత్రి మూలాన్ని మళ్ళీ చదివితే, ఓడపై దాటివచ్చే దండు తనను దాటిస్తున్న ఓడపై జరిగే దాడికి ఇచ్చిన ఆసరాను తెంపదని స్పష్టంగా ఉన్నది. చిన్న విషయమనుకొని సంగ్రహంలో నేనే దానిని వదలివేశాను!

మూలం చూడకుండానే ఆ కుర్రవాడు పట్టుకొన్న దోషానికి మన శాస్త్రాలలో పేరున్నది: అన్యోన్యాశ్రయం. ఓడ నిలిస్తేనే దండు చేరుతుంది. దండు చేరితేనే ఓడ నిలుస్తుంది. ఒకరి భుజంమీద కూర్చున్నవాడు ఆ భుజం గట్టిదని తానే సాక్ష్యం చెబితే ఏమి చెల్లుతుంది? ఆధారపడినది తన ఆధారాన్ని నిలబెట్టలేదు. సామాన్య నియమం ఎంత విస్తృతమైనా, విశేష నియమం ఉన్నచోట దానికి తలవంచవలసిందే. ఇవి మనం తరగతిలో చెప్పే మాటలే; అరుగుమీద నేనే మరచిపోయాను.

1858లో వెలువడిన బాలవ్యాకరణంలో చిన్నయసూరి నిత్యం, వైకల్పికం, బహుళం అని కార్యాలను వేరుచేశాడు. పరీక్షలకోసం వీటిని వల్లెవేయించి ఊరుకొంటున్నాము. కాని ఓడ "దాటించవచ్చును" అనడం వైకల్పికం. "కదలరాదు" అనడం నిషేధం. ఆసరా "తెగును" అనడం నిత్యమే అయినా దానికి అపవాదం ఉన్నది. 'వచ్చును' అన్నచోట 'వలెను' అని వ్రాస్తే ఆట మారిపోతుంది. క్రియాపదం చివరి ప్రత్యయంలో ఇంత బలం ఉన్నదని పిల్లలకు తెలియజెప్పడానికి ఇంతకంటె మంచి ఉదాహరణ ఏది?

ఆడేవారు తమలో తాము ఒప్పుకొంటే చాలదా అని అడగవచ్చును. ఆటకు ముందు ఒప్పుకొంటే నిస్సందేహంగా చాలును. మేకలన్నిటినీ దింపకముందే ఒకదానిని కదపవచ్చునా అన్నది పులిజూదంలో ముందే తేల్చుకోవలసిన విషయం. చీటీలు విప్పిన తరువాత 'అనుకొందాము' అంటే మాత్రం, గొంతు పెద్దది కలవాని మాటే నియమమవుతుంది.

ఇది ఆటతో పోయేది కాదు. మా ప్రాంతపు భూములకు రక్షగా ఉన్నవి 1959 నాటి భూబదలాయింపు నిబంధన, 1970లో దానికి వచ్చిన సవరణ. గిరిజనేతరులకు భూమిని ఏ 'వ్యక్తి' బదలాయించినా చెల్లదని అందులో ఉన్నది. ఆ 'వ్యక్తి' అన్న మాటలో ప్రభుత్వం చేరుతుందా, చేరదా? అనంతగిరి మండలపు గనుల కౌళ్ళను గూర్చి వచ్చిన సమత కేసులో, చేరుతుందని 1997లో సుప్రీంకోర్టు మెజారిటీ తీర్పు చెప్పింది. షెడ్యూల్డు ప్రాంతంలోని ప్రభుత్వ భూమినైనా గిరిజనేతర ప్రైవేటు కంపెనీలకు కౌలుకివ్వడం చెల్లదని తేలింది. ఒక్క నామవాచకానికి చెప్పిన అర్థంమీద కొండలు ఆధారపడినవి! నియమాన్ని చదివి 'ఎట్లా?' అని అడగగల పిల్లవాడిని నోరు మూయించడం ఎంత తప్పో దీనినిబట్టి గ్రహించవచ్చును.

కనుక తోటి ఉపాధ్యాయులకు నా మనవి ఒక్కటే. ఏడాదికి ఒక్క పాఠమైనా నియమపఠనానికి కేటాయించండి. ఎవరి ఊరి పులిజూదాన్ని వారిచేత వ్రాయించండి. ఆ కాగితాన్ని వేరొక ఊరి పిల్లలకిచ్చి, నోటి సాయం లేకుండా ఆడమనండి. ఎక్కడ తగవు వస్తే అక్కడ వాక్యం లోపించినదని అర్థం. ఆ వాక్యాన్ని వారిచేతనే దిద్దించండి.

మరునాడు పిల్లలను పిలిచి, నా సంగ్రహంలోని తప్పును ఒప్పుకొన్నాను. ఛానలు ఓడను తీసివేసి, ఫ్రాన్సు దండును బ్రెస్టులో వెనుకకు నిలిపి, ఆటను అక్కడినుండి సాగించారు. చివరకు ఇంగ్లండు గెలవలేదు. కాని తరువాతి ఆటకు ముందు ఆ కుర్రవాడే నియమాల కాగితాన్ని అడిగి తీసుకొని, అందరికీ వినబడేటట్లు చదివాడు.