తాళంచెవితో మూతపడే ఫైలు

నాగార్జునసాగర్ నీరు కమ్ముకోకముందే కృష్ణా లోయలోని బౌద్ధ కట్టడాలను పురావస్తు శాఖ విడదీసి, కొండ మీద తిరిగి నిలబెట్టింది. రాతి పట్ల ఆ శ్రద్ధ సమంజసమే. 2025 ఏప్రిల్‌లో కంచ గచ్చిబౌలి 400 ఎకరాలలో చెట్ల నరికివేతను సుప్రీంకోర్టు ఆపినప్పుడు, అక్కడి నెమళ్లనూ జింకలనూ తలచుకొని బోరబండలో మేమూ సంతోషించాము.

మరి మనిషి సంగతి? 2024 అక్టోబరులో మూసీ ఒడ్డున మూసానగర్, శంకర్‌నగర్ కుటుంబాలను డబుల్ బెడ్‌రూం ఇళ్లకు తరలించారు. వారిలో ముస్లిములు అనేకులు. ఇల్లు పక్కాదే, కాదనము. కానీ పిల్లల బడి, మొహల్లా మసీదు, అరువిచ్చే కిరాణా కొట్టు ట్రాలీ ఆటోలో ఎక్కవు. భూసేకరణతో నిర్వాసితులైన వారి పునరావాస ప్రాంతంలో పాఠశాల, ప్రార్థనా స్థలం, ఖననభూమి ఉండాలని 2013 చట్టం మూడవ షెడ్యూలే చెబుతున్నది. కొత్త కాలనీలో మయ్యత్ లేస్తే జనాజా ఎక్కడికి పోవాలి?

ఉద్యోగకాలమంతా ఫైళ్ల మధ్య గడిపిన మాకు తెలుసు, తాళంచెవి అందిన రోజే ఆ ఫైలు మూతపడుతుంది. కనుక తాళంచెవి తీసుకునేటప్పుడే అడగండి: పట్టా ఎవరి పేరున? బడి ఎంత దూరం? కబ్రస్తాన్ ఎక్కడ? కాగితం మీద అడగండి, రసీదు తీసుకోండి. అర్జీ రాయడం రానివారికి జుమా నమాజు తర్వాత మేము రాసిపెడతాము.