‘విండో’ పుట్టుక తెలిస్తే పిల్లలను గద్దించం

హోసూరు ప్రాంతపు తెలుగు పిల్లవాడు తరగతిలో ‘జన్నల్’ అంటే, ‘అది తమిళం, కిటికీ అనాలి’ అని గద్దించే ఉపాధ్యాయులు మనలో లేకపోలేదు. షోలాపూరు బాలిక ‘ఖిడకీ’ అంటే మరాఠీ కలిపావని మందలింపు. అదే పిల్లలు ‘విండో’ అంటే మాత్రం ఎవ్వరూ ఆక్షేపించరు. ఇదెక్కడి భాషాశుద్ధి?

ఇంతకూ ఆ ‘విండో’ ఇంగ్లీషువారి సొంత మాట కాదు. 9వ శతాబ్దంలో ఇంగ్లండు ఉత్తర, తూర్పు భాగాలలో స్థిరపడిన స్కాండినేవియావారి భాషలో ‘విండ్ర్’ అంటే గాలి, ‘ఔగ’ అంటే కన్ను. రెండూ కలిసి ‘విండౌగ’ అయింది. గాలికన్ను అని దాని అర్థం. అది 13వ శతాబ్దంలో ఇంగ్లీషు రాతలోకి ఎక్కింది. అంతకుముందు ఇంగ్లీషులో ‘కంటిరంధ్రం’, ‘కంటివాకిలి’ అనే అర్థాలిచ్చే సొంత సమాసాలుండేవి. పొరుగుమాట వాటిని తోసిరాజన్నది. ‘హజ్బెండ్’ కథా ఇంతే. ఇల్లు, నివాసి అనే అర్థాలున్న రెండు స్కాండినేవియా పదాల కలయిక అది, మన ‘గృహస్థు’ వంటిదే. ఇంటి యజమాని పేరును సైతం అరువు తెచ్చుకున్నందుకు ఇంగ్లీషు చెడిపోలేదు గదా!

మరి మనం కాపాడుతున్న ‘కిటికీ’ ఎక్కడిది? హిందీ, మరాఠీలలోని ‘ఖిడకీ’ నుంచి వచ్చినదే. అంటే షోలాపూరు బాలిక పలికినది మూలానికి మరింత దగ్గరి రూపం. తమిళుల ‘జన్నల్’ పోర్చుగీసు ‘జనేల’. గ్రంథాలలోని ‘గవాక్షం’ సంస్కృత సమాసం. దానిలోనూ ఉన్నది కన్నే, ఆవు కన్ను.

‘అలాగైతే ప్రామాణిక భాష నేర్పనక్కరలేదా?’ అని కొందరడుగుతారు. తప్పక నేర్పాలి. పరీక్షలో రాయవలసిన మాట పిల్లవాడికి తెలియాలి. కాని నేర్పడం వేరు, నోరు మూయించడం వేరు. విండో, గవాక్షం, జన్నల్, కిటికీ నాలుగింటినీ నల్లబల్లపై పక్కపక్కనే రాయండి. మొదటి రెండింటికీ విగ్రహవాక్యం చెప్పించండి. సమాసపాఠం అక్కడే పూర్తవుతుంది.

తల్లిదండ్రులారా, ఉపాధ్యాయులారా! పరరాష్ట్రంలో తెలుగు బడికి వచ్చే పిల్లలు కొద్దిమంది. ఇంటి తెలుగు తప్పుడు తెలుగని పదే పదే విన్న పిల్లవాడు బడిలో తెలుగు మాట్లాడడం మానేస్తాడు. తరువాత ఇంట్లోనూ మానేస్తాడు. అప్పుడు మనం కాపాడిన శుద్ధభాషను వినేదెవరు?