సోడా వెయ్యకండి బాబూ!

యార్క్‌షైర్ పుడ్డింగ్ అనగానే మనలో చాలామందికి కస్టర్డ్, క్యారమెల్ గుర్తొస్తాయి. ఇది ఆ బాపతు కాదు, తీపి అస్సలు ఉండదు. మైదా, గుడ్లు, పాలు, ఉప్పు, అంతే. ఉత్తర ఇంగ్లండ్‌లో పుట్టింది. ఆదివారం మధ్యాహ్నం రోస్ట్ మాంసం పక్కన పెట్టుకుని, పైన గ్రేవీ పోసుకుని తింటారు. బయట కరకరలాడుతూ, మధ్యలో గుంటపడి, చిన్న గిన్నెలా ఉంటుంది. ఎమ్మెస్‌కి లీడ్స్, షెఫీల్డ్ వెళ్ళిన మన సీనియర్లకి దీని సంగతి బాగా తెలిసే ఉంటుంది.

నా గొడవల్లా ఇది పొంగడానికి "కొంచెం బేకింగ్ పౌడర్ తగిలించండి" అనేవాళ్ళతోనే. బోండాలకీ పునుగులకీ చిటికెడు సోడా వేసి వేసి, పొంగాలంటే సోడా ఉండాల్సిందే అని మనకి ఫిక్స్ అయిపోయింది. మరి పూరీలో ఎవరు వేస్తున్నారండీ సోడా? పిండిలోని నీరే ఆవిరై పూరీని బుడగలా లేపుతుంది. ఇక్కడా అదే కథ. నీరు ఆవిరైతే దాని పరిమాణం 1,600 రెట్లకు పైగా పెరుగుతుంది. థర్మోడైనమిక్స్ క్లాసులో నిద్రపోయినవాళ్ళు కూడా ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకుంటే చాలు. ఆవిరి లోపలి నుంచి తోస్తుంటే, మైదాలోని గ్లూటెన్ సాగి దాన్ని పట్టి ఉంచుతుంది, గుడ్డు గట్టిపడి ఆ ఆకారాన్ని నిలబెడుతుంది. పౌడర్ వేస్తే లోపలంతా సన్నటి నురుగు లేచి కేకు ముక్కలా తయారవుతుంది. గిన్నె ఉండదు, కరకర ఉండదు. ఇక గ్రేవీ ఎక్కడ పోస్తారు?

కొలత చాలా తేలిక. రెండు గుడ్లు గ్లాసులో కొట్టండి, ఎంత వరకు వచ్చాయో అంతే పాలు, అంతే మైదా. బరువు కాదు, గ్లాసు కొలతే. చిటికెడు ఉప్పు వేసి ఉండలు లేకుండా గిలక్కొట్టి ఓ అరగంట పక్కన పెట్టండి. పిండి చిక్కటి పాలలా జారాలి. అట్ల పిండిలా ఉంటే కష్టం.

అసలు కిటుకు పిండిలో కన్నా వేడిలో ఉంది. ఓవెన్ 220 డిగ్రీలకి పెట్టి, మఫిన్ ట్రే గుంటల్లో తలా ఒక చెంచాడు నూనె పోసి, ఖాళీ ట్రేనే ముందు లోపల పెట్టాలి. నూనె పొగలు రావడం మొదలయ్యాక పిండి పోస్తే 'సుయ్' మనాలి. అనలేదా, ఇంకాసేపు ఆగండి. నెయ్యి ఫర్వాలేదు కానీ వెన్న వద్దు, మాడిపోతుంది. వేడి అంచులకి ముందు తగిలి అవి గబగబా లేస్తాయి, మధ్యభాగం వెనకబడుతుంది, గుంట అలా వస్తుంది. 20 నుంచి 25 నిమిషాలు పడుతుంది. ఈలోగా తలుపు తియ్యొద్దు. గోడలు గట్టిపడకముందే చల్లగాలి తగిలితే ఆవిరి చల్లబడి మొత్తం కూలిపోతుంది.

ఇది దర్జా కోసం పుట్టిన వంట కాదు. నిప్పు మీద మాంసం కాలుతుంటే కారే కొవ్వు వృథా పోకుండా కింద పళ్ళెంలో పిండి పెట్టేవాళ్ళు. హానా గ్లాస్ 1747లో వేసిన వంటల పుస్తకంలో యార్క్‌షైర్ పుడ్డింగ్ అన్న పేరుతోనే ఉంది. మాంసం ఖరీదు కాబట్టి దీన్నే ముందు వడ్డించి కడుపు సగం నింపేసేవాళ్ళు. బేకింగ్ పౌడర్ వచ్చింది ఆ తర్వాతి శతాబ్దంలో! 2008లో బ్రిటన్ రాయల్ సొసైటీ ఆఫ్ కెమిస్ట్రీ అయితే, కనీసం 4 అంగుళాలు లేవకపోతే అది యార్క్‌షైర్ పుడ్డింగే కాదని తేల్చేసింది. కెమిస్టులకి ఇంత పట్టింపు ఉంటే మెకానికల్ వాళ్ళకి ఎంత ఉండాలి!

హాస్టల్లో ఓవెన్ పెట్టనివ్వరు కాబట్టి సెలవుల్లో ఇంట్లో చెయ్యండి. గ్రేవీ బదులు కోడి పులుసు పోస్తే ఇంగ్లీషోళ్ళు ఏమంటారో మనకనవసరం. ఓవెన్లోంచి తీసిన వెంటనే తినాలి మరి. వాట్సాప్ స్టేటస్‌కి ఫొటోలు తీస్తూ కూర్చుంటే ఈలోగా మెత్తబడతాయి.