మూర్ఛయు మనోవ్యథయు

కార్తికోపవాసములను గూర్చి గతమాసమున మేము వ్రాసినదానిని జదివి గోదావరి తీరపు పల్లెనుండి యొక సోదరి మాకు దీర్ఘమైన జాబు వ్రాసినది. ఆమె కోడలికి ఇరువదిరెండేండ్లు. పెండ్లియై యేడాది దాటినది. అప్పుడప్పుడు కాకిసొమ్ము వచ్చి పడిపోవుచుండునట. "మామూలు దినములలో నేమియు లేదు. ఇంట మాటపట్టింపు వచ్చినను, చుట్టములు దిగినను, పుట్టింటినుండి చెడువార్త వచ్చినను రెండుమూడు దినములలో తప్పక వచ్చును. ఇది రోగమా, పని తప్పించుకొనుటకు పన్నిన నటనయా? మా యింటివారందరు నటన యనుచున్నారు. నాకు మాత్రము మనసొప్పకున్నది" అని యామె ప్రశ్న.

ఆ చివరిమాట మాకు నచ్చినది. అత్తగారికి మనసొప్పకుండుట కోడలికి సగము చికిత్స. ఇక ప్రశ్నకు సమాధానము: జాబులోని వివరమునుబట్టి యిది రోగముగనే చూడవలసినది. మనోవ్యథ కలిగినపుడు హెచ్చుట ఈ రోగమునకు క్రొత్త కాదు.

సంస్కృతమున దీనికి అపస్మారమని పేరు. స్మృతి తొలగిపోవుట యని యర్థము. చరకసంహితయందు నిదానస్థానమున ఎనిమిదవ యధ్యాయము దీనిదే. అందు చెప్పిన కారణములలో భయము, శోకము, చింత, ఉద్వేగము చేరియున్నవి. గ్రీకుదేశమున హిప్పోక్రటీసు పేర నున్న యొక గ్రంథము, క్రీ.పూ. 400 ప్రాంతమునాటిది, ఈ వ్యాధి దేవతాగ్రహము కాదనియు మెదడున పుట్టుననియు వాదించినది. 1924లో జర్మనీదేశమున హాన్సు బెర్గరను వైద్యుడు మనుష్యుని మెదడులోని విద్యుత్తరంగములను మొట్టమొదట నమోదు చేసెను. నేడు ఆసుపత్రులలో తలకు తీగలంటించి తీయు ఇ.ఇ.జి. పరీక్షకు మూలమదియే. మెదడులోని కణములు సన్నని విద్యుత్తుతో నొకదానితో నొకటి మాటలాడుకొనుచుండును. పెండ్లిపందిటిలో నందరు నొకేమారు కేకలు పెట్టినట్లు ఆ కణములు కట్టుదప్పి ఒక్కుమ్మడి చెలరేగినచో మూర్ఛ వచ్చును. ప్రపంచమున దాదాపు 5 కోట్లమందికి ఈ వ్యాధి కలదనియు, సరియైన చికిత్స జరిగినచో వారిలో నూటికి 70 మంది వరకు మూర్ఛలు లేక జీవింపగలరనియు ప్రపంచారోగ్యసంస్థ చెప్పుచున్నది.

మనసులోని చింతకును మెదడులోని యీ కల్లోలమునకును లంకె యెట్లు? మూర్ఛ గలవారిని "నీకెప్పుడు వచ్చును?" అని యడిగినచో పలువురు చెప్పు మొదటి కారణము మనోవ్యథయే. భయము కలిగినప్పుడు శరీరమున కార్టిసాలు మొదలగు రసములు ఊరును. అవి మెదడు కణములను త్వరగా రేగునట్లు చేయునని శాస్త్రజ్ఞుల యభిప్రాయము. ఇది యొక త్రోవ. మాకు తోచినంతలో ఇండ్లలో ఎక్కువ కీడు చేయునది రెండవ త్రోవ. చింత గలవారికి నిద్ర పట్టదు. నిద్రలేమి మూర్ఛకు పేరుపొందిన ప్రేరకము. చింత గలవారు వేళకు తినరు. మాత్ర మరతురు, లేదా మ్రింగుట యెవరైన చూతురని మానుదురు. ఊపిరి వడివడిగా పీల్తురు. పిల్లలలో కొన్నివిధముల మూర్ఛకు అదియొక్కటి చాలును. కోడలికి "చుట్టములు దిగినప్పుడు" వచ్చుననుటలో చుట్టములమీది కోపము ఎంతయో మేమెరుగము గాని, ఆ దినములలో ఆమె యే జామున పరుండెనో, ఏ జామున లేచెనో, మాత్ర యెన్నిటికి వేసికొనెనో యొకమారు లెక్కచూడుడు.

మా వీధిలోని యొక పిల్ల సంగతి చెప్పెదము. పదునాలుగవయేట మూర్ఛ మొదలయినది. ఉదయమొకటి, రాత్రియొకటి మాత్ర వేసికొనుచు మూడేండ్లు ఒక్క మూర్ఛయు లేక బి.కాం. ముగించినది. సాయంకాలము మా యింటికివచ్చి భాగవతము చదువుకొనెడిది. సంబంధము వచ్చినది. తల్లి మాత్రల డబ్బాను బియ్యపు డ్రమ్ములో దాచినది. పెండ్లిచూపులకు ముందు రెండుదినములు ఇల్లంతయు బంధువులు. వారి కన్నుగప్పి వంటింటికి పోవుటకు వీలుచిక్కక ఆ పిల్ల రెండు రాత్రులు మాత్ర వేసికొనలేదు. నిద్రయు లేదు. మూడవనాటి ఉదయమున కాఫీ గ్లాసుల పళ్లెముతో హాలులోనికి వచ్చి నిలువున కూలినది.

కేక విని మేమును పరుగెత్తితిమి. ఇంతకాలము చదివినది, విన్నది నాడు మాకొక్కటియు గుర్తురాలేదు. అందరివలెనే తాళముచెవుల గుత్తిని ఆమె పిడికిట జొనిపితిమి. నాలుక కొరుకుకొనునని భయపడి గరిటకాడను పండ్లనడుమ దూర్పబోయితిమి. ముందుపంటి కొన విరిగినది. ఆ తప్పు మాదే. ఆ పిల్ల నవ్వినప్పుడెల్ల మాకు కనబడుచునేయుండును.

మగపెండ్లివారు వెడలిపోయిరి. "నీ భయమే నిన్ను ముంచినది" అని తల్లి నుదురు కొట్టుకొనినది. కొన్నిదినముల పిమ్మట ఆ పిల్ల మాతో ననిన మాట యిది: "పిన్నిగారూ, మూర్ఛ యనిన నాకు భయము లేదండీ. వచ్చినప్పుడు నాకు తెలియదు గదా. ఎవరైన చూతురేమో యని రేయింబవళ్లు భయము."

వైద్యగ్రంథములలో నింత సూటిగా చెప్పినది మేము చూడలేదు. మూర్ఛ రెండు నిమిషములది. దానికొరకు కాచుకొనియుండు భయము దినమంతటిది. మూర్ఛ గలవారిలో ఆందోళనయు, దిగులును ఇతరులకంటె ఎక్కువగా కనబడుటకు మెదడులోని వ్యాధియొకటే గాక ఈ కాపలాయును కారణమే. ఆ భయము నిద్రను చెరచును, నిద్రలేమి మూర్ఛను తెచ్చును, వచ్చిన మూర్ఛ భయమును పెంచును.

తల్లిని నిందించుటకు మాకు నోరురాదు. హిందూవివాహచట్టమున మూర్ఛరోగమును ఉన్మాదముతో జతచేసి వివాహమునకు అడ్డుగా వ్రాసినకాలముండెను. 1999లో జరిగిన సవరణచే ఆ మాట తొలగినది. చట్టము విడిచినదానిని ఇండ్లింకను విడువలేదు. అయినను దాచి చేసిన పెండ్లిలో ఆ పిల్ల మాత్రల నెచ్చట దాచుకొనవలెను? తరువాత వచ్చిన సంబంధములకు ముందే చెప్పిరి. రెండు తప్పిపోయినవి. మూడవవారు తామును వచ్చి వైద్యుని కలిసి ప్రశ్నలడిగి యొప్పుకొనిరి. మొన్న వైశాఖమున పెండ్లి జరిగినది.

ఇక నటన యను మాట. కొందరికి మూర్ఛకు ముందుగా అకారణముగా గుండె దడదడలాడి ప్రాణభయము కలుగును. మెదడు ప్రక్కభాగమున మూర్ఛ అప్పుడే మొదలయిన గురుతది. చూచువారు మాత్రము "భయపడినది, అందుచే పడిపోయినది" అని క్రమము తారుమారు చేయుదురు. మరికొందరికి మెదడు విద్యుత్తున మార్పేమియు లేకయే మూర్ఛవంటి పాటు వచ్చును. దానికి మనోవేదనయే మూలమై యుండవచ్చును. కాని యదియు వారి యధీనమున నుండదు, నటన కాదు. దానికి మూర్ఛ మాత్రలు పనిచేయవు, వేరు చికిత్స కలదు. ఒకే మనిషికి రెండును ఉండుటయు కలదు. ఏది యేదియో తేల్చుట న్యూరాలజిస్టు పని. అత్తగారిదిగాని ఆడుబిడ్డదిగాని కాదు. ఆ యమ్మాయి ముందే ఒప్పుకొనియుండినచో, మూర్ఛ వచ్చినప్పుడు సెల్‌ఫోనులో చిత్రముతీసి వైద్యునకు చూపుడు, ఎంతయో యుపకరించును.

మరియొక సంగతి. లెవెటిరాసెటాము అను మందు కొందరికి చిరాకును, కోపమును పుట్టించును. "పెండ్లియైన పిమ్మట నోరు పెరిగినది" అనుటకు ముందు మందుచీటిని చూచి వైద్యునితో చెప్పవలెను. మాత్రను మాత్రము తమంత తామాపరాదు. ఉన్నట్లుండి మానినచో ఎడతెగని మూర్ఛలు వచ్చి ప్రాణాపాయము కలుగును. వాల్‌ప్రోయేటు వాడు స్త్రీలు గర్భము దాల్చుటకు ముందే వైద్యునితో మాటలాడవలెను, అది శిశువునకు కీడు చేయవచ్చును. తగిన మందు, తగిన మోతాదు కుదిరినచో మూర్ఛగల స్త్రీలలో పెక్కుమంది ఆరోగ్యవంతులగు బిడ్డలనే కనుచున్నారు. కొందరికి నెలసరి దినముల ప్రాంతమున మూర్ఛలు హెచ్చును. సిగ్గుపడక దానినిగూడ తేదీలతో వ్రాసియుంచవలెను.

ఉపవాసముల మాట గతమాసమునుండి మిగిలియున్నది. మూర్ఛగలవారు శివరాత్రి జాగరణ చేయరాదని మా నిశ్చయము. రాత్రి మేలుకొనుటయే వారికి కీడు. ఉపవాసముననైనను మాత్ర తప్పరాదు. ఇందు శాస్త్రవిరోధము లేదు: మహాభారతమున విదురుడు వ్రతభంగము చేయని యెనిమిదింటిని లెక్కించుచు నీటిని, ఔషధమును అందు చేర్చినాడు. పూజగదిలోనుండి యడ్డుచెప్పు పెద్దలకు ఈ మాట వినిపింపుడు.

మనసు నెమ్మదించుటకు ధ్యానము, నడక, మెల్లగా ఊపిరి తీయుట మేలుచేయును. మాత్రకు బదులు కావు. దిగులు వారాలతరబడి వీడనిచో అదియు చికిత్సగల వ్యాధియే, మానసికవైద్యునికి చూపవలెను. "చింతపడకు" అని మాటిమాటికి చెప్పుటవలన చింత పోయిన మనిషిని మేమింతవరకు చూడలేదు. "నీవు చింతపడితివి గనుకనే వచ్చినది" అనుట మరింత క్రూరము. పడినదానికి తోడు తప్పుకూడ ఆమె నెత్తిన పెట్టుటయగును.

మూర్ఛ వచ్చినపుడు చేయవలసినది కొద్దియే. చుట్టునున్న గట్టివస్తువులను తొలగించి తలక్రింద మెత్తని బట్ట యుంచుడు. గడియారము చూడుడు. కాలుసేతులు గట్టిగా పట్టుకొనవద్దు. నోట నేమియు పెట్టవద్దు, ఇనుమును ఉల్లిపాయయు అక్కరలేదు. వణకు తగ్గగానే ప్రక్కకు త్రిప్పుడు. పూర్తిగా తెలివివచ్చువరకు నీరైనను పోయవద్దు. 5 నిమిషములు దాటినను, తెలివి రాకమునుపే రెండవది వచ్చినను, దెబ్బ తగిలినను, మొదటిసారియైనను, గర్భవతియైనను 108కి ఫోను చేయుడు. తెలివి వచ్చినపిదప చుట్టు మూగినవారిని పంపివేసి, చీర సవరించి, ఒక్కరు ప్రక్కన కూర్చుండుడు. చూచినవారెవరని ఆమె మొదట వెదకును.

జాబు వ్రాసిన సోదరికి మా విన్నపము. కోడలికి ఇంతవరకు ఇ.ఇ.జి. తీసినట్లు మీరు వ్రాయలేదు, మందు పేరును వ్రాయలేదు. జిల్లా ఆసుపత్రికిగాని న్యూరాలజిస్టుకడకుగాని మీరే తోడువెళ్లుడు, కుమారుని నొక్కనినే పంపవద్దు. నిద్ర, మాత్ర, నెలసరి, మూర్ఛ తేదీలను గడచిన మూడునెలలకు గుర్తున్నంతవరకు కోడలిచేతనే వ్రాయించి తీసికొనిపొండు. వైద్యుడేమనెనో మరల జాబు వ్రాయగోరెదము. ఆమె యిష్టపడినచో వచ్చునెల ఈ పుటలోనే దానిని గూర్చి మాటలాడుకొందము.