అడవి ఇంటి అతిథులు

కేరళలోని తేక్కడిలో, పెరియార్ పులుల అభయారణ్యం అంచున, వెదురు గుడిసెల్లో పర్యాటకులకు బస ఇస్తారు. హంగులేమీ ఉండవు. తెల్లవారగానే అడవిలోకి నడక. జలగలు పట్టకుండా మోకాళ్ల దాకా గుడ్డ మేజోళ్లు తొడిగించి, గొంతు పెంచవద్దని చెప్పి, గైడు ముందు నడుస్తాడు. నడినెత్తిన సూర్యుడున్నా నేల మీద ఎండ పొడ పడని సతతహరితారణ్యం అది. ఏనుగు లద్దె చూసి మంద ఎప్పుడు దాటిందో చెబుతాడతను. మనకు ఆకుల గుబురే కనిపించే చోట నల్ల కొండముచ్చును చూపిస్తాడు.

ఆ చూపు ఇక్కడి గైడ్లకెలా అబ్బిందన్నదే అసలు కథ. ఇక్కడ పర్యాటకులను పులుల బాటలో తిప్పడం మొదలుపెట్టిన వాళ్లలో కొందరు ఒకప్పుడు ఇదే అడవిలో దొంగచాటుగా వయన చెట్ల బెరడు ఒలిచినవారు. వయన అంటే అడవి దాల్చినచెక్క. బెరడు చుట్టూ ఒలిచేస్తే చెట్టు నిలువునా ఎండిపోతుంది. అటవీ సిబ్బంది ఏళ్ల తరబడి తరిమారు, కేసులు పెట్టారు. దోపిడీ ఆగలేదు. 1996లో ప్రపంచ బ్యాంకు సాయంతో పర్యావరణాభివృద్ధి పథకం వచ్చాక పద్ధతి మారింది. కేసులు ఎత్తేస్తాం, అడవిని కాయండి, చూడవచ్చేవారిని తిప్పి ఆ రాబడితో బతకండి అన్నారు. దొంగదారులన్నీ ఎరిగినవాళ్లే కాపలాకు దిగారు. 2002లో స్థానిక మహిళలు ‘వసంతసేన’గా ఏర్పడి, కూలి ఆశించకుండా వంతులవారీగా గస్తీ తిరగసాగారు. ఆ తల్లులకు చేతులెత్తి మొక్కాలి.

అడవి పక్కన బతికేవాళ్లను శత్రువులుగా చూసి అడవిని కాపాడలేమని పెరియార్ పాతికేళ్ల కిందటే రుజువు చేసింది. చెట్లు కొట్టి సిమెంటు గదులు, ఈతకొలను కట్టి, రాత్రంతా పాటలు మోగించి, పైన ‘ఎకో’ అని బోర్డు తగిలించే చోట్లకూ దీనికీ పోలికే లేదు. బసకు ఇచ్చిన డబ్బు ఎవరి చేతికి పోతోందని అడిగితే చాలు, తేడా తెలిసిపోతుంది.

ఈ అడవి మనకు పరాయిది కాదు. శబరిమల ఉన్నది పెరియార్ అభయారణ్యంలోనే. ఏటా కార్తీకం నుంచి సంక్రాంతి దాకా తెలుగు స్వాములు వేలాదిగా ఈ చెట్ల నీడనే కొండ ఎక్కుతారు. అంత నిష్ఠగా దీక్ష చేసి వెళ్లిన చోట నీళ్ల సీసాలు, ప్లాస్టిక్ సంచులు వదిలేసి రావడం బాధ కలిగిస్తుంది. తిండి వాసన అంటిన సంచిని అడవి జంతువులు మింగేస్తాయి. అది కడుపులో అరగదు. ఇరుముడిలో ప్లాస్టిక్ ఉండకూడదని కేరళ హైకోర్టు ఎప్పుడో ఆదేశించింది. 2011లో మొదలైన ‘పుణ్యం పూంగావనం’ అనే శుభ్రతా ఉద్యమ కార్యకర్తలు ఏళ్ల తరబడి కొండ మీద చెత్త ఏరారు.

గురుస్వాములకు ఒక మనవి. ఈ ఏడు ఇరుముడి కట్టించేటప్పుడు పసుపు, కుంకుమ, విభూతి కాగితం పొట్లాల్లో పెట్టించండి. పన్నీరు ప్లాస్టిక్ సీసాను ఇంటి దగ్గరే వదిలేయమనండి. కన్నెస్వాములకు నియమాలు చెప్పేటప్పుడు దీన్ని కూడా ఒక నియమంగా చెప్పండి.