ఫైలు పేరు తెలుగులో ఉండరాదా?

లినక్స్ కెర్నెల్ నిర్మాణములో ప్రతి మార్పును భద్రపరచుటకై 2005లో లైనస్ టోర్వాల్డ్స్ సిద్ధపరచిన 'గిట్' అను సాధనము నేడు బందరు, గుడివాడలలో కంప్యూటరు శాస్త్రము చదువు విద్యార్థులకును అవసరమైనది. దాని శక్తిని మేము శంకించము. మన లిపి యెడల అది చూపు మర్యాదను గూర్చియే మా అభ్యంతరము.

ఒక విద్యార్థి 1977 నవంబరు 19 నాటి ఉప్పెనను గూర్చి పెద్దలు చెప్పిన సంగతులను వ్రాసి, ఆ ఫైలునకు 'దివిసీమ' అని పేరు పెట్టినాడనుకొందము. 'గిట్ స్టేటస్' అని అడుగగానే ఆ పేరునకు బదులు \340\260\246 అని మొదలగు 84 గుర్తుల బారు తెరపై కనిపించును. కారణము గూఢమైనది కాదు. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు సంకేతమునకు 3 బైట్లు. గుణింతపు గుర్తులను వేరుగా లెక్కింపగా 'దివిసీమ'లో 7 సంకేతములు, అనగా 21 బైట్లు. ఇంగ్లీషు పరిధి దాటిన ప్రతి బైటును గిట్ బాక్‌స్లాష్‌తో కూడిన మూడంకెల అష్టాంశ సంఖ్యగా చూపును. ఉర్దూ అక్షరమునకు 2 బైట్లే గనుక మా ఉర్దూ విద్యార్థుల కష్టము కొంచెము పొట్టిది, అంతే.

చిక్కు ఇక్కడితో ఆగదు. లినక్స్‌లో ఆ బారును కొటేషన్ గుర్తులతో సహా ఎత్తి 'గిట్ యాడ్'కు ఇచ్చినచో, కొటేషన్లను షెల్ తీసివేయును. మిగిలిన బాక్‌స్లాష్‌ను గిట్ తన పాత్‌స్పెక్ సూత్రము ననుసరించి 'తరువాతి గుర్తును ఉన్నదున్నట్లు గ్రహింపుము' అని అర్థము చేసికొనును. కనుక 340260246 అని మొదలగు పేరుగల ఫైలును వెదకి, అట్టిది లేదనును. తాను చూపిన పేరును తానే గుర్తింపదు! విద్యార్థి బెదరి ఫైలునకు ఇంగ్లీషు పేరు తగిలించును. మచిలీపట్నమును మసూలిపటము చేసిన ఇంగ్లీషు రికార్డులే నయము. అందులో ఊరి జాడయైనను మిగిలినది.

అన్ని తెరలును అన్ని లిపులను చూపజాలని కాలపు జాగ్రత్తగా దీనిని మన్నింపవచ్చును. నేడు ఆ సాకు చెల్లదు. మందు చిన్నదే: 'గిట్ కాన్ఫిగ్'లో 'కోర్ డాట్ కోట్‌పాత్' అను అంశమును 'ఫాల్స్' చేసిన చాలును. అప్పుడును కొటేషన్ గుర్తు, బాక్‌స్లాష్, నియంత్రణ సంకేతములు మారురూపముననే కనిపించును, అది న్యాయమే. కాని ఈ ఏర్పాటు మొదటినుండియే అట్లుండవలసినది. అట్లు లేనందున ప్రయోగశాల యంత్రములపై అధ్యాపకులే ముందుగా దీనిని సరిచేసి యుంచుట మంచిది.

దోషమంతయు గిట్‌పై మోపుటయు తగదు. మనలో పలువురు విసర్గకు బదులు కోలన్ కొట్టుదురు. 'దు:ఖం' అను పేరు లినక్స్‌లో నిలుచును గాని, విండోస్‌లో ఫైలు పేరున కోలన్ నిషిద్ధము. అక్కడ గిట్ ఆ పేరు చెల్లదనును. 'దుఃఖం' అని విసర్గతో వ్రాసినచో రెండుచోట్లను నిలుచును.