కొన్నవానిదా, అమ్మినవానిదా?

నూతనముగా స్మార్టుఫోను కొన్న గృహస్థుడు దానిని తెఱచినంతనే, తాను కోరని యాపులు పెక్కులు అందు ముందుగనే కొలువుదీరి యుండుట చూచుచున్నాడు. సినిమాలు చూపునది యొకటి, పాటలు వినిపించునది యొకటి, వార్తలు చెప్పునది మఱియొకటి. కొన్ని ఫోనులలో తాళము తీయకమునుపే తెరపై వార్తయో, ప్రకటనయో ప్రత్యక్షమగుచున్నది. వీనిలో గొన్నిటిని నిలిపివేయ వచ్చునేగాని తొలగింప వీలులేదు. సొమ్ము మనది, పెత్తనము పరులది!

ఇందలి మర్మము వ్యాపారము. పరికరములపై నికరలాభమును నూటికి 5కు మించనీయమని షావోమి కంపెనీవారు 2018లో ప్రకటించిరి. అట్టిచోట తక్కిన ఆదాయము ప్రకటనలవలనను, ఇతర సేవలవలనను రావలసినదే గదా! ఫోను చవుకగా వచ్చెనని సంతసించువాడు మిగిలిన వెలను తన కాలముతో చెల్లించుచున్నాడు.

ప్లేస్టోరు కావలెనన్న యూట్యూబు మొదలగు తమ యాపులన్నిటిని ఫోనులో పెట్టవలెనని తయారీదారులకు నిబంధన విధించిన గూగులు కంపెనీకి, భారత కాంపిటీషన్ కమిషన్‌వారు 2022 అక్టోబరులో 1,337.76 కోట్ల రూపాయల జరిమానా విధించిరి. 2023 మార్చిలో అప్పిలేటు ట్రిబ్యునలు ఆ జరిమానాను ఖాయపఱచెను; కాని యా యాపులను కొన్నవారు తొలగించుకొనుట కడ్డుపడరాదను ఆదేశమును కొట్టివేసెను. దండన నిలిచినది, విముక్తి నిలువలేదు. ఐరోపా సమాఖ్యలో నన్ననో, ఇట్టి మహాసంస్థలు తమ యాపులను తొలగింపనీయవలెనను విధి 2024 మార్చి నుండి అమలులో నున్నది.

మన ప్రజలకు ఈ విషయమున చైతన్యము లేదనరాదు. మోసముల నరికట్టుటకై సంచార్ సాథీ యాపును క్రొత్త ఫోనులన్నిటిలో పెట్టవలెనని 2025 నవంబరు 28న కేంద్ర టెలికం శాఖ ఆజ్ఞాపింపగా దేశమున ఆక్షేపణ చెలరేగెను. డిసెంబరు 3వ తేదీనాటికే ప్రభుత్వము ఆ నిర్బంధమును ఉపసంహరించుకొనెను. ప్రభుత్వమును నిలదీసిన ప్రజ వర్తకునియెడ మౌనము వహించుట యేల?

వినోదము మాట యటుండనిండు. వార్త మాట వేఱు. చందా కట్టు పాఠకుడు తన కిష్టమైన పత్రికను తానే యెన్నుకొనును, నచ్చనినాడు మాన్పించును. అందు అచ్చయిన ప్రతి వార్తకును పేరుగల సంపాదకుడు బాధ్యుడు. ఫోను తెరపై అడుగకయే వచ్చు వార్తను ఎవరు, ఏల యెన్నిరో పాఠకుడెఱుగడు. దినదినము లోకమును అట్టి గవాక్షమునుండి చూచువాని యభిప్రాయము తనదియా, పరులదియా?

మేమును పత్రికవారమగుటచే ఇందు మాకు స్వార్థము కలదని కొంద ఱనవచ్చును. కాదనము. కావుననే మేము కోరునది స్వల్పము: యాపులను నిషేధింప నక్కఱలేదు. ఫోనును మొదట తెఱచునపుడే ఏవి కావలెనో కొన్నవానిని అడుగవలెను, వలదన్నవానిని తొలగింపనీయవలెను. దీనిని ప్రభుత్వమువారు చట్టముచే శాసింపవలెను. అంతవఱకు పాఠకులు సెట్టింగులు తెఱచి, తొలగింప వీలైనవానిని తొలగించి, కానివానిని నిలిపివేయుట మేలు. ఇంటిలోని కెవరు రావలెనో నిర్ణయింపవలసినవాడు ఇంటి యజమానియేగాని ఇల్లు కట్టిన మేస్త్రీ కాడు.